తిరిగి పలకని ఆజ్ఞ

కిందటి వారం సంచికలో మన నర్సమ్మ ఓడరేవు నగరంలో రైలు దిగేసరికి ఆమె వెంట ఉన్న సరంజామా ఒక చేతిసంచి, ఒక వానకోటు, మూడు మడతల గొడుగు, ముప్పైమూడేళ్ల పగ. మొదటి మూడూ ఆమె కొనుక్కున్నవి. నాలుగోది పిత్రార్జితం. తండ్రి వేరే స్థిరాస్తి ఏదీ విడిచిపెట్టలేదు కనుక ఏకైక సంతానంగా దాన్నే నిర్వివాదంగా స్వీకరించి, పెద్దాసుపత్రి ఆపరేషన్ గదిలో ఇరవై ఏళ్లుగా కత్తులూ కత్తెరలూ అందిస్తూనే దానికి తుప్పు పట్టకుండా చూసుకుంటూ వచ్చింది.

ఆ తండ్రి ఒకప్పుడు ఈ రేవులో పైలటు. కెప్టెను ఏడు సముద్రాలు తిరిగినవాడే కావచ్చు, రేవు వాకిట్లోకి వచ్చేసరికి మాత్రం ఈ పైలటు ఓడెక్కి కుడి ఎడమలు చెబితే తప్ప లోపలికి రాకూడదు. అంతటివాడు పట్టపగలు, గాలీ వానా లేని ఒక గురువారం ఉదయం, సరుకుల ఓడను తిన్నగా తీసుకువెళ్లి అలలను ఆపే రాతిగోడకు కొట్టాడు. విచారణ జరిగింది. పైలటు ఇచ్చిన తప్పు ఆజ్ఞే కారణమని తేలింది. ఉద్యోగం పోయింది. పేరు పోలేదు, మారింది. ఆ రోజు మొదలు ఊరందరికీ ఆయన ‘గోడగుద్దుడు’. ఏడేళ్ల పిల్ల ‘గోడగుద్దుడి కూతురు’. ఈ బిరుదప్రదానం జరిగిన నెలలోపే ఆ కుటుంబం సముద్రం వాసన కూడా సోకని ఊరికి తరలిపోయింది. ఒక గిడ్డంగికి కాపలా కాస్తూ, ఆ గురువారం గురించి ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఆయన నిరుడు కన్నుమూశాడు.

ఆయన ట్రంకుపెట్టె అడుగున విచారణ కాగితాల నకలు దొరికింది. అందులో చుక్కాని చక్రం పట్టుకున్నవాడి వాంగ్మూలం పదకొండు వాక్యాలు. పదకొండింటిలో ఉండి తీరవలసిన పన్నెండో వాక్యం లేదని కనిపెట్టింది మన నర్సమ్మే. అంతవరకూ నీడగా ఉన్న పగకు ఆ క్షణాన ముఖం వచ్చింది. ఆ ముఖం ఇప్పటికీ ఈ నగరంలోనే, ‘కథల సరంగు’ అన్న పేరుతో యాత్రికులకు రేవు చూపించి పొట్టపోసుకుంటోందని తెలుసుకుని, ఒంటరి యాత్రికురాలి వేషంలో ఆయన వెంట నడవడానికి ఆమె చీటీ తీసుకుంది. కథ అక్కడ ఆగింది.

ఆ నగరంలో ఆకాశానికి మాటమీద నిలబడే అలవాటు లేదు. తొమ్మిదింటికి మంచు దిగి ఎదుటి భవనాన్ని మింగేసింది. పదింటికి ఎండ వచ్చి, మింగినదాన్ని యథాస్థానంలో కక్కించింది. పదిన్నరకు జల్లు. పూర్వకాలంలో పగబట్టినవాళ్లకు ఆకాశమే మేఘగర్జనలతో నేపథ్యం కల్పించేదని వింటాం. ఇక్కడ అది అయిదు నిమిషాలకోసారి అభిప్రాయం మార్చుకుంటూ ఉంటే, ఏ అడుగు ఏ రసంలో వెయ్యాలో మన వీరవనితకు పాలుపోలేదు. వానకోటు తొడిగింది, విప్పింది, మళ్లీ తొడిగింది.

కథల సరంగుకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల టోపీ, ఉప్పుగాలికి ఎండి ముడతలు పడ్డ మెడ, ఆ మెడకు పొంతన లేని పడుచు గొంతు. ఆ పూట ఆయన సేనలో ఆమె కాక నలుగురున్నారు. చంకలో గొడుగు పెట్టుకుని దాన్ని తెరవని రిటైరైన మాస్టారు ఒకాయన. ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ కూలబడే పెద్దావిడ. ఒకరి ఫోటో ఒకరు తీసుకోవడం తప్ప వేరే లోకం లేని కొత్తదంపతులు.

“మా ఊళ్లో గొడుగు తెరిస్తే వాన వెలుస్తుంది, మూస్తే పడుతుంది,” అన్నాడు సరంగు.

“అయితే తెరవాలా, మూసెయ్యాలా?” అన్నాడు మాస్టారు.

“సగం తెరవండి మాస్టారూ. ఏం చెయ్యాలో తోచక వానే వెళ్లిపోతుంది.”

నర్సమ్మ పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే పళ్లతో నొక్కిపెట్టింది. శత్రువు బలవంతుడు కావచ్చు, మాయావి కావచ్చు, వాటికి మందు ఉంది. శత్రువు చతురుడైతే ఏం చెయ్యాలో మాత్రం పెద్దలెవరూ చెప్పి పోలేదు.

తాళ్లు పేనే వీధి మీదుగా నడిచారు. ముంగిట కూర్చున్న ముసలి కార్మికులు “ఏం మామా, ఇవాళ మందలో అయిదేనా?” అని పలకరించారు. “అయిదైనా పాలిచ్చేవేరా,” అన్నాడు సరంగు. చేపల వేలం షెడ్డులో నేల కడుగుతున్న మనిషి గొట్టాన్ని పక్కకు తిప్పి దారి ఇచ్చింది. పాత సుంకాల భవనం మెట్లమీద పెద్దావిడ మూడోసారి కూర్చుని, “నాయనా, ఈ ఊళ్లో చదునైన చోటు లేదా?” అంది. “ఉందండీ, సముద్రం,” అన్నాడాయన. ఊరు ఆయనను మెచ్చుకుంటోంది, ప్రేమిస్తోంది కూడా. నర్సమ్మ నడుస్తూ నడుస్తూ ఈ ప్రేమనంతా మనసులో ఒక పళ్లెంలో పేర్చుకుంది, కోతకు ముందు పనిముట్లు పేర్చుకున్నట్టు. ఇవన్నీ సాయంత్రానికి ఆయనకు లేకుండా చెయ్యాలి. అందుకే వచ్చింది. ఊరి నోట తండ్రికి పడ్డ పేరును ఊరి ఎదుటే ఈయన నెత్తిన పెట్టి, ఆ బరువుతో మిగిలిన రోజులు నడిపించాలి.

ఓడలు ఆగే కొత్త ధక్కా చివరకు చేరేసరికి గాలి తిరిగింది. ఎదురుగా, నీళ్లకు అడ్డంగా పడుకున్న రాతిగోడ. దాని చివరన దీపస్తంభం, దానికి కాస్త ఇవతల ఊడిన పన్నులాంటి ఖాళీ.

“అమ్మలారా, అయ్యలారా,” అని సరంగు టోపీ తీశాడు. “ఇది గోడగుద్దుడుగారి దిగ్విజయ స్థలం. గోడ కదలదు కదా, దాన్ని తప్పించుకోవడం ఎంత పని అని మనబోటి అల్పులం అనుకుంటాం. ఆ మహానుభావుడు గోడే మర్యాదగా పక్కకు తప్పుకుంటుందనుకున్నాడు.”

మాస్టారు పకపకా నవ్వాడు. పెద్దావిడ నవ్వుతూ కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. కొత్త పెళ్లికూతురు ఖాళీకి వీపు తిప్పి నిలబడి, తలతో గోడను గుద్దబోతున్నట్టు వంగింది. పెళ్లికొడుకు ఫోటో తీశాడు. నర్సమ్మ చేతిలో గొడుగు పిడి కిర్రుమంది. సరంగు చూపు ఒక్క లిప్త ఆమె మీద ఆగి వెళ్లింది. నవ్వనివాళ్లను ప్రతి గుంపులోనూ వెతకడం ఆయనకు అలవాటేమోనని ఆమెకు అప్పుడు తట్టలేదు.

అంతలో వాన ఈసారి సరదాకు కాక పని మీద వచ్చినట్టుగా దిగింది. అందరూ పక్కనున్న రేవు ప్రదర్శనశాలలోకి పరుగెత్తారు. ఒకే గది. గాజుపెట్టెల్లో పాత దుర్భిణీలు, గోడల మీద జెండాలు, నడుమ ఇత్తడి దిమ్మె మీద నిలబెట్టిన పెద్ద చెక్క చక్రం. గోడకు కొట్టుకున్న ఓడను తుక్కుకు అమ్మేసినప్పుడు చరిత్రకోసం దాచిన భాగం అదొక్కటే.

“ఈ చక్రం ముందు నేనే నిలబడ్డాను,” అన్నాడు సరంగు దాని పిడి మీద చెయ్యి వేసి. “ఎవరైనా పైలటు వేషం కడతారా? కుడికో ఎడమకో ఎన్ని డిగ్రీలో ఆజ్ఞలివ్వండి, ఓడ ఎలా నడుస్తుందో చూపిస్తాను.”

“నేను కడతాను,” అంది నర్సమ్మ.

“అమ్మగారు ఏం చేస్తుంటారు?”

“ఆపరేషన్ గదిలో నర్సుని.”

“మంచిది. ఓడకు ఏ పేగో మెలిపడితే పనికొస్తారు. చెప్పండి మరి.”

ఆమె ఆయన వెనక, కుడిభుజం పక్కన నిలబడింది. తండ్రి నిలబడినచోటు అదే అయి ఉండాలి.

“కుడికి పది.”

“కుడికి పది,” అని ఆయన పలికి, చక్రం తిప్పి, “కుడికి పది ఉంది,” అన్నాడు.

“మధ్యకి.”

“మధ్యకి. మధ్యలో ఉంది.”

“ఎడమకి అయిదు.”

“ఎడమకి అయిదు. ఎడమకి అయిదు ఉంది.”

“ఏం నాయనా, చెవుడా?” అంది పెద్దావిడ కిటికీ గట్టుమీద నుంచి. “ఆవిడ చెప్పిందే చెబుతావేం?”

సరంగు ఛాతీ రెండంగుళాలు విశాలమైంది. “అది మా పనిలో మొదటి పాఠం అమ్మగారూ. పైలటు మాట రాగానే చక్రం పట్టినవాడు దాన్ని బిగ్గరగా తిరిగి పలకాలి. పలికాకే చక్రం ముట్టాలి. చెప్పినవాడు తప్పు చెప్పినా, విన్నవాడు తప్పు విన్నా అక్కడికక్కడే తేలిపోతుంది. నలభై ఏళ్ల అలవాటు. ఇంట్లో మా ఆవిడ ఉప్పు తెమ్మన్నా, ‘ఉప్పు’ అని పలికితే తప్ప పీట మీంచి లేచేవాణ్ణి కాదు.”

“మాదీ అంతే,” అంది నర్సమ్మ. “డాక్టరు మందు పేరు చెబితే నేను తిరిగి పలకాలి. ఆ తర్వాతే సూది.”

“అయితే మనిద్దరిదీ ఒకే బడి.”

“ఒక్కసారైనా పలకకుండా తిప్పారా?”

“తల తీసినా తిప్పను.”

వల పన్నినవాడికి చేప తనంతట తానే వచ్చి ముడి బిగించి పెడితే కలిగే సంతోషం వర్ణనాతీతం. దాన్ని వర్ణించే ప్రయత్నం చెయ్యకుండా నర్సమ్మ వానకోటు లోపలి జేబులోంచి మడత కాగితం తీసింది.

“‘పైలటు ఎడమకు ఇరవై అన్నాడు. నేను చక్రం ఎడమకు ఇరవై తిప్పాను.’ ఈ మాటలు ఎవరివి సరంగుగారూ?”

ఆయన చేతులు చక్రం మీదనుంచి మెల్లగా కిందికి జారాయి.

“ఈ రెండు వాక్యాలకూ నడుమ మీరేం పలికారు?”

కొత్త పెళ్లికొడుకు ఫోను కిందికి దించాడు. “ఇదీ ప్రదర్శనలో భాగమేనా?” అని మాస్టారు గుసగుసగా అడిగాడు.

“కాదు మాస్టారూ,” అంది ఆమె. గొంతు పెంచలేదు. కోత కోసే గదిలో గొంతు పెంచేవాళ్లను ఎవరూ నమ్మరు. “పక్కనే కెప్టెను ఉన్నాడు. ఈయన పలికి ఉంటే కెప్టెను విని ఆపేవాడు. ఆపలేదంటే పలకలేదు. ఆజ్ఞ వస్తే తల తీసినా పలకకుండా తిప్పని మనిషి పలకలేదంటే, అసలు ఆజ్ఞే రాలేదు. చక్రం ఈయనే తిప్పాడు. తన చేతి తప్పుకు ఇంకొకరి పేరు పెట్టాడు. అక్కడితో ఆగాడా, దాన్ని రోజుకు రెండాటలు ఆడుతున్నాడు.”

“మీరు…” అన్నాడు సరంగు.

“గోడగుద్దుడి కూతుర్ని.”

కొత్త పెళ్లికూతురు ముఖం కందగడ్డ అయింది.

“చెప్పండి,” అంది నర్సమ్మ. “తప్పు నాది అని, వీళ్లందరి ముందూ, ఒక్కసారి.”

“తప్పు నాది,” అన్నాడాయన.

అంతే. బతిమాలలేదు, బుకాయించలేదు, గుండె పట్టుకుని కూలబడలేదు. ముప్పైమూడేళ్లు పెంచి పోషించిన పగ నాలుగక్షరాల్లో తీరిపోయింది. “ఛీ,” అంది పెద్దావిడ, లేచి నిలబడి. ఆవిడ స్వయంగా లేవడమే ఒక తీర్పు. “నీ తప్పుకు ఇంకొకణ్ణి పట్టుకుని మాచేత నవ్వించావటయ్యా.” మాస్టారు సరంగుకు ఇద్దామని తీసిన ఇనామును తిరిగి జేబులో వేసుకున్నాడు. వాన వెలిసింది. నలుగురూ సరంగు వైపు చూడకుండా ఒకరి వెనక ఒకరు బయటి ఎండలోకి నడిచారు. సాయంత్రానికి తాళ్ల వీధి, చీకటి పడేలోపు వేలం షెడ్డు, ఈ కథను అందుకుంటాయి. ఆమె కోరుకున్నది అక్షరాలా జరిగింది.

జరిగినా ఆమె కదలలేదు. ఇరవై ఏళ్లుగా రోజుకు వందసార్లు ఆ స్వరం విన్న చెవి అది. తన మనసులోని మాట చెప్పే మనిషి స్వరం వేరు. చెప్పిన మాటను అప్పగించే మనిషి స్వరం వేరు. ‘కుడికి పది’ ఎలా పలికాడో ‘తప్పు నాది’ కూడా అలాగే పలికాడు.

“మీరు ఒప్పుకోలేదు,” అంది. “నేను చెప్పింది తిరిగి పలికారు.”

“ఆజ్ఞ ఇచ్చావు తల్లీ, పలికాను.” ఆయన టోపీ తీసి గాజుపెట్టె మీద పెట్టాడు. మీరు నువ్వు కావడం ఆమె గమనించింది, అభ్యంతరం చెప్పలేదు. “వాళ్లకు అది చాలు. నీక్కూడా చాలితే తలుపు తీసే ఉంది.”

“చాలదు.”

“కూర్చో మరి.”

“నిలబడే వింటాను.”

“మీ నాన్నా అంతే, కూర్చోమంటే కూర్చునేవాడు కాదు.” ఆయన చక్రం దిమ్మెమీద ఒరిగాడు. “ఆజ్ఞ వచ్చింది. కెప్టెను అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మీ నాన్న ఇదిగో, ఇందాక నువ్వు నిలబడ్డచోటే నిలబడ్డాడు. వంగి నా చెవిలో అన్నాడు. ‘ఎడమకి ఇరవై. తిరిగి పలకొద్దు.’”

బయట ఎక్కడో లంగరు గొలుసు దడదడమంటూ దిగింది.

“పలికితే కెప్టెను వింటాడు కదా,” అన్నాడు సరంగు, తనలో తాను అనుకుంటున్నట్టు.

“మా నాన్న కావాలని గుద్దించాడా?”

“గోడను కాదు. గోడ మీద ఒక మనిషి నడుస్తున్నాడు.”

ఆమె కూర్చుంది. పెద్దావిడ ఖాళీ చేసిన కిటికీ గట్టు ఇంకా వెచ్చగానే ఉంది.

“నీకో చిన్నాన్న ఉండేవాడు.”

“జ్వరంతో పోయాడు.”

“జ్వరమని మీ నానమ్మకు చెప్పారు. ఆ తర్వాత అందరికీ అదే అయింది. వాడు ఓడల అడుగుభాగం గీకి శుభ్రం చేసే ఈతగాడు. నీళ్లలో మనిషి ఉండగా ఓడను నడిపే పంకా తిప్పకూడదు. వాడు పైకి వచ్చి చెయ్యి చూపించాలి, అప్పుడు తిప్పాలి. వాడు పోయిన రోజు రేవు సూపరింటెండెంటుకు తొందరగా ఉంది. చెయ్యి కనిపించకముందే తిప్పమన్నాడు.” సరంగు తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. “నడుముకు తాడు కట్టి దింపింది నేను. పైకి లాగిందీ నేనే. అందుకని, మీ నాన్న పలకొద్దంటే పలకలేదు. ఎందుకని అడగలేదు.”

“సూపరింటెండెంటు మీద ఫిర్యాదు చెయ్యలేదా?”

“ఫిర్యాదులు తీసుకునేది ఆయనే కదమ్మా. పదకొండు నెలలు మీ నాన్న రోజూ ఆయనకు వంగి విష్ చేశాడు. ఆయన ప్రతి గురువారం పొద్దున్న గోడ చివరి దీపం తనిఖీకి ఒంటరిగా నడిచి వెళతాడు. మీ నాన్న గురువారాల డ్యూటీ కోరి వేయించుకున్నాడు.”

“చచ్చాడా?”

“నీళ్లలోకి దూకాడు. కాలొకటి పోయింది, మనిషి మిగిలాడు. విచారణకు అధ్యక్షుడు కూడా ఆయనే.” సరంగు నవ్వబోయి మానుకున్నాడు. “చంపబోయాడని రాస్తే, ఎందుకో కూడా రాయాలి. అందుకని తప్పు ఆజ్ఞ అని రాసుకున్నారు. ఆయనకు పరువు, మీ నాన్నకు ప్రాణం, నాకు ఉద్యోగం దక్కాయి. అందరికీ సరిపోయింది, గోడకు తప్ప.”

“మరి ఆ హాస్యం ఎందుకు? రోజూ మా నాన్నను పట్టుకుని?”

“నవ్వేవాళ్లు ప్రశ్నలడగరు తల్లీ. ఇన్నేళ్లలో నవ్వకుండా నిలబడింది నువ్వొక్కదానివే.”

నర్సమ్మ కాగితం మడిచింది. మడతలు సరిగా పడటం లేదు. తండ్రి పేరు కడగాలని వచ్చింది. కడగవచ్చు, నీళ్లు చేతిలోనే ఉన్నాయి. కడిగితే అడుగున తేలేది మాత్రం చేతకానివాడి ముఖం కాదు, మనిషిని చంపబోయినవాడి ముఖం. నలుగురూ నవ్విన తండ్రిని ఎన్నుకోవాలా, నలుగురూ భయపడే తండ్రిని ఎన్నుకోవాలా అన్న ధర్మసంకటం ఏ కూతురికీ రాకూడదు. అంతకన్నా రాకూడనిది ఆ గట్టుమీద ఆమెకు వచ్చింది. సిగ్గుపడవలసినచోట సిగ్గు రాలేదు. గిడ్డంగి గుమ్మం ముందు స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న మనిషి మెల్లగా తల ఎత్తుతున్నట్టు, ఎత్తి తనవైపు చూస్తున్నట్టు అనిపించింది. ఆ భావానికి ఏ పేరు పెట్టినా గర్వం కాదని అనడం కష్టం.

సరంగు టోపీ తీసుకున్నాడు గానీ పెట్టుకోలేదు.

“ఆ సూపరింటెండెంటు బతికే ఉన్నాడు. ఎనభై ఆరు. రేవు అవతల లంక మీద ఇల్లు. రోజూ పొద్దున్న పడవలో సామాన్లూ మందులూ తీసుకెళ్లేది నేనే. మిగిలిన కాలికి పుండు పడింది, మానడం లేదు. కట్టు కట్టే మనిషి మొన్న మానేసింది. చెయ్యి తిరిగిన నర్సు ఎవరైనా దొరికితే పంపమని నా ప్రాణం తీస్తున్నాడు.”

ఆమె కళ్లెత్తింది. కిటికీ అవతల ఆకాశం మళ్లీ మనసు మార్చుకుంటోంది. గోడకు ఆవలి నీళ్లు సీసం రంగుకు తిరిగాయి.

“అడుగుతాను, ఏమీ అనుకోకు,” అన్నాడు సరంగు. ఈసారి ఆయన గొంతు ఎవరి మాటనూ అప్పగించడం లేదు. “నువ్వొచ్చింది మీ నాన్న పేరు నిలబెట్టడానికా, ఆయన పని పూర్తి చెయ్యడానికా?”

నర్సమ్మ లేచి వానకోటు గుండీలు కింది నుంచి పైదాకా ఒక్కొక్కటే పెట్టుకుంది.

“పడవ ఎన్ని గంటలకు?” అంది.